తెరపై గద్ద గూడు, పెరట్లో డేగ గూడు

హనుమకొండ నుంచి ఒక సోదరి మూడు ప్రశ్నలు కలిపి అడిగారు. డెబ్బై దాటిన వారి తల్లిగారు, కాలిఫోర్నియాలోని బిగ్ బేర్ సరస్సు దగ్గర గూడు కట్టుకున్న గద్దల జంటను ప్రత్యక్ష ప్రసారంలో రోజూ చూస్తారట. 2025 మార్చిలో ఆ గూట్లో పుట్టిన మూడు పిల్లల్లో ఒకటి మంచు తుఫానులో చనిపోతే, ఆమె రెండు రోజులు అన్నం సరిగా తినలేదట. కళ్లముందే జరుగుతుంటే కెమెరా పెట్టినవారు ఆ పిల్లను ఎందుకు కాపాడలేదన్నది మొదటి ప్రశ్న. గంటల తరబడి కదలకుండా కూర్చున్న పక్షిలో ఏమి చూడాలన్నది రెండోది. తమ పెరటి వేప మీద ఒక డేగ గూడు కట్టింది కనుక, అమ్మ కోసం దాని దగ్గర కూడా కెమెరా అమర్చవచ్చా అన్నది మూడోది.

నేను వరంగల్‌లో ముప్పై ఏళ్లకు పైగా జంతుశాస్త్రం బోధించినవాణ్ణి. పాకాల, ఏటూరునాగారం అడవుల్లోనూ మన ఊళ్ల చెరువుగట్ల మీదా గూళ్లను గమనిస్తూ వచ్చాను. ఈ గూటి ప్రసారాలనూ చాలా ఏళ్లుగా శ్రద్ధగా చూస్తున్నాను. మూడు ప్రశ్నలకూ నా దృష్టిలో మూలం ఒక్కటే. గూటిని చూడాలన్న మన ఆత్రం గూటిదాకా వెళ్లకూడదు. బిగ్ బేర్ కెమెరా చేసిన మేలూ, ఆ రాత్రి దాన్ని నడిపేవారు చేతులు కట్టుకుని ఉండిపోయిన కారణమూ, మీ వేప చెట్టు విషయంలో నేను చెప్పబోయే మాటా ఆ ఒక్క విషయం చుట్టే తిరుగుతాయి.

ముందు పేరు సంగతి చెప్పి ముందుకు వెళ్తాను. ఆ పక్షిని మన పత్రికలు కొన్నిసార్లు ‘బట్టతల గద్ద’ అంటాయి. దాని తల బోడిది కాదు. తెల్లని ఈకలతో నిండుగా ఉంటుంది. ఇంగ్లీషు పేరులోని ‘బాల్డ్’ అన్న మాటకు పాతకాలంలో తెల్లమచ్చ గలది అన్న అర్థం ఉండేది, శాస్త్రనామంలోని ‘ల్యూకోసెఫాలస్’ అన్న గ్రీకు మాటకు తెల్లతల అనే అర్థం. కాబట్టి తెల్లతల గద్ద అనడమే సరైనది. పుట్టినప్పటి నుంచి ఆ తెలుపు ఉండదు. దాదాపు అయిదేళ్లు నిండితే గాని తల, తోక పూర్తిగా తెల్లబడవు. అందుకే రెక్కలు వచ్చిన పిల్ల గోధుమ రంగులో కనబడితే వేరే జాతి పక్షి గూట్లోకి వచ్చిందని కంగారు పడనక్కర లేదు.

ఇక ఆ మంచు రాత్రి. బిగ్ బేర్ గూడు సముద్రమట్టానికి 2,000 మీటర్లకు పైనున్న కొండ ప్రాంతంలో, ఒక జెఫ్రీ పైన్ చెట్టు మీద, దాదాపు 145 అడుగుల ఎత్తున ఉంది; అంటే మన తాటిచెట్టు మీద మరో తాటిచెట్టు నిలబెట్టినంత. ఆడపక్షి జాకీ, మగపక్షి షాడో. ఆ ఏడు జనవరి చివర జాకీ మూడు గుడ్లు పెట్టింది. మార్చి 3, 4 తేదీల్లో రెండు పిల్లలు, 8న మూడోది బయటికి వచ్చాయి. ఈ తేదీల తేడాలోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. గద్ద పిల్ల పుట్టినప్పుడు దాని ఒంటిమీద పలుచని నూగు తప్ప ఏమీ ఉండదు. తన ఒంటి వేడిని తానే నిలుపుకునే శక్తి దానికి రెండు వారాలు దాటాక గాని రాదు. అప్పటిదాకా తల్లి పొట్ట కింది వెచ్చదనమే దానికి ప్రాణం. మార్చి మధ్యలో తుఫాను వచ్చేనాటికి పెద్ద పిల్లలకు పది రోజులు, చిన్నదానికి అయిదారు రోజులు. తల్లి రాత్రంతా మూడింటినీ కప్పుకునే కూర్చుంది. తెల్లవారాక రెండే లేచాయి.

అప్పుడు మనుషులు ఏమి చేయగలిగేవారో ఆలోచించండి. చీకట్లో, మంచులో, అంత ఎత్తుకు ఒక మనిషి ఎక్కితే తల్లి గూటి మీద నుంచి లేస్తుంది. లేచిన మరుక్షణమే మిగిలిన రెండు పిల్లల మీద మంచు కురుస్తుంది. ఒకదాన్ని కాపాడబోయి మూడింటినీ పోగొట్టుకునే సాహసం అది. చట్టం కూడా అడ్డు ఉంది: ఈ గద్దలను చంపడమే కాదు, గూటి దగ్గర వాటిని కలవరపెట్టడం కూడా అక్కడ నేరం, మూల చట్టం 1940 నాటిది. గూడు కట్టే కాలంలో ఆ చెట్టు చుట్టుపక్కల అడవిలోకి జనాన్ని రానివ్వరు. కెమెరాను కూడా పక్షులు లేని కాలంలోనే ఎక్కి అమరుస్తారు. ఒకసారి గుడ్లు పెట్టాక అది చెడిపోయినా సరిచేయడానికి ఎవరూ ఎక్కరు.

జనం ఒత్తిడికి తలొగ్గిన సందర్భం కూడా ఉంది. 2014లో మిన్నెసోటా రాష్ట్ర సహజ వనరుల శాఖ నడిపే గూటి ప్రసారంలో ఒక పిల్ల సరిగా కదలలేకపోవడం ప్రేక్షకుల కంట పడింది. జోక్యం చేసుకోబోమని మొదట చెప్పిన ఆ శాఖ, ఫోన్లూ విన్నపాలూ వెల్లువెత్తడంతో చివరికి పిల్లను కిందికి దించింది. రెక్క ఎముక విరిగి బాగుపడే స్థితి దాటిపోయిందని వైద్యులు తేల్చారు. బాధ లేకుండా ప్రాణం తీయక తప్పలేదు. ఆ ప్రేక్షకులది మంచి మనసే. కాని తెరపై మనకు కనబడే దానికీ, పక్షి ఒంట్లో నిజంగా జరుగుతున్న దానికీ మధ్య ఎంత దూరం ఉందో ఆ సంఘటన చూపించింది.

అసలు ఎప్పుడూ చేయి కదపకూడదని నేను అనను. చేపల గాలపు తీగ కాలికి చుట్టుకున్నా, సంక్రాంతినాటి మాంజా దారం రెక్కను కోసినా అది మనిషి చేసిన హాని. దాన్ని మనిషే తొలగించాలి, అనుభవమున్నవారు, అనుమతితో. మంచు, గాలి, ఆకలి, అన్నదమ్ముల పోటీ మాత్రం ఆ పక్షి పుట్టిన నాటి నుంచి దాని బతుకులో భాగం. మీ అమ్మగారికి ఈ తేడా చెప్పండి. మిగిలిన రెండు పిల్లలకూ బిగ్ బేర్ బడిపిల్లలు ఓట్లు వేసి సన్నీ, గిజ్మో అని పేర్లు పెట్టారనీ, రెండూ జూన్ మొదట్లో గూటి నుంచి ఎగిరిపోయాయనీ కూడా చెప్పండి. బహుశా ఆమెకు ఇప్పటికే తెలిసి ఉంటుంది.

ఈ విషయంలో నా మాట ఇంత గట్టిగా ఉండటానికి నేను చేసిన తప్పే కారణం. 1996 ఏప్రిల్ చివర, మేము పనిచేసే ఆవరణలోని మామిడి చెట్టు మీద ఒక డేగ గూడు కట్టి పొదుగుతోంది. విద్యార్థులకు గుడ్లు చూపించాలన్న ఉత్సాహంతో పక్క భవనం పైకప్పు మీదికి నిచ్చెన వేయించి, ఒక్కొక్కరినీ ఎక్కించాను. డేగ లేచి కాస్త దూరంలో కూర్చుని అరుస్తూనే ఉంది. అందరూ చూసి దిగేసరికి అరగంట దాటింది. మిట్టమధ్యాహ్నం, నలభై దాటిన ఎండ. బిగ్ బేర్‌లో గుడ్డుకు చలి శత్రువైతే మన దగ్గర ఎండ శత్రువు. మన వేసవిలో తల్లి గూటి మీద కూర్చోవడం వేడి ఇవ్వడానికి మాత్రమే కాదు, నీడ పట్టడానికి కూడా. ఆ సంగతి నేను పాఠంగా చెప్పినవాణ్ణే. నిచ్చెన వేయించేటప్పుడు నాకు గుర్తు రాలేదు. సాయంత్రానికి డేగ తిరిగి వచ్చి మూడు రోజులు కూర్చుంది గాని, తరువాత వదిలేసి వెళ్లిపోయింది. ఆ గూట్లో ఒక్క పిల్ల కూడా పుట్టలేదు. ఆ తరువాత గుడ్లున్న ఏ గూటి దగ్గరికీ నేను పోలేదు. అందుకే ఆ కెమెరాను చూసినప్పుడు నాకు అంత ఆనందం: నా నిచ్చెన చేసిన పాపం చేయకుండానే, గుడ్డు మీద సన్నని పగులు పడటాన్ని కూడా అది చూపించగలదు.

రెండో ప్రశ్నకు వస్తాను. ఇక్కడ చెప్పవలసింది చాలా ఉంది. మొదట వేళ కుదరాలి. చలికాలంలో కాలిఫోర్నియా మనకంటే పదమూడున్నర గంటలు వెనక ఉంటుంది. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం ముందుకు జరిపాక పన్నెండున్నర గంటలు. జనవరిలో మనకు రాత్రి ఎనిమిదీ ఇరవై ప్రాంతంలో అక్కడ పొద్దు పొడుస్తుంది. మార్చి తరువాత మన దీపాలు పెట్టే వేళకే అక్కడ తెల్లవారుతుంది. మీ అమ్మగారు రాత్రి పొద్దుపోయేదాకా మేలుకోనవసరం లేదు. తెల్లవారిన తరువాతి ఒకటి రెండు గంటల్లోనే ఎక్కువ కదలిక ఉంటుంది: జంట స్థానాలు మార్చుకోవడం, మొదటి మేత, గూడు సర్దుకోవడం. మన ఉదయం పూట చూస్తే అక్కడ సాయంత్రం దాటి చీకటి. తెలుపు నలుపుల్లో కనబడే ఆ రాత్రి బొమ్మ పరారుణ కాంతితో వచ్చేది, ఆ కాంతి గద్ద కంటికి కనబడదు. కాబట్టి దీపం వేసి దాని నిద్ర చెడగొడుతున్నారన్న దిగులు అక్కర లేదు.

కూర్చున్న పక్షి ఊరకే కూర్చోదు. గద్దల్లో ఆడది మగదానికంటే పెద్దది. రెండూ పక్కపక్కన నిలబడినప్పుడు ఒకసారి గుర్తుపడితే ఆ తరువాత ఎవరి వంతో ఇట్టే తెలిసిపోతుంది. పొదిగే పని రెండూ పంచుకుంటాయి, రాత్రి వంతు ఎక్కువగా ఆడదానిది. 2024 ఫిబ్రవరిలో మంచు కురుస్తుంటే జాకీ రెండు రోజులకు పైగా గుడ్ల మీద నుంచి లేవలేదు. వంతు మారేటప్పుడు కాళ్లను చూడమనండి. గుడ్ల దగ్గరికి రాగానే గద్ద తన గోళ్లను లోపలికి ముడిచి, పిడికిలి బిగించినట్టు నడుస్తుంది. చేపను చీల్చే గోళ్లు అవే. గుడ్డుకు తగలకుండా అంత జాగ్రత్త. తరువాత ముక్కుతో గుడ్లను మెల్లగా దొర్లిస్తుంది. వేడి అన్ని వైపులా సమంగా అందడానికీ, లోపలి పిండం పెంకు పొరకు అంటుకుపోకుండా ఉండటానికీ ఆ దొర్లింపు అవసరం. చివరికి పక్కలకు ఊగుతూ కూర్చుంటుంది. పొట్ట కింద ఈకలు లేని వెచ్చని చర్మం గుడ్లకు తగిలేలా సర్దుకోవడం అది.

దాదాపు 35 రోజులు పొదిగాక గుడ్డు మీద చిన్న రంధ్రం కనబడుతుంది. పిల్ల ముక్కు కొన మీద మొలిచే చిన్న గట్టి మొన దానికి పనిముట్టు. రంధ్రం పడినప్పటి నుంచి పిల్ల పూర్తిగా బయటపడేందుకు ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు పట్టవచ్చు. మధ్యలో అది అలసి ఆగిపోతే చనిపోయిందనుకోకండి. మేత వేళల్లో పెద్ద పిల్ల చిన్నదాని నెత్తి మీద పొడవడం చూసి చాలామంది తల్లడిల్లుతారు. మేత సరిపడా ఉన్న గూట్లో ఆ పోట్లాట రెండు మూడు వారాల్లో సద్దుమణుగుతుంది. మేత చాలని గూట్లో అదే ప్రాణాంతకమవుతుంది. అందుకే పోట్లాటను కాక పిల్ల గొంతు కింద చూడాలి. తిన్నది నిలువ ఉండే సంచి, మనం అన్నాశయం అనేది, గోలీకాయలా ఉబ్బి ఉంటే ఆ పిల్లకు కడుపు నిండినట్టే. పిల్ల వెనక్కి జరిగి, తోక ఎత్తి, గూటి అంచు దాటేలా రెట్ట వేయడం కూడా ఆరోగ్య లక్షణమే. షాడో తెచ్చే మేతలో చేపలతో పాటు, చలికాలంలో పాకాలలో మనం చూసే బొల్లికోడికి దగ్గరి బంధువైన నీటిపక్షి కూడా ఉంటుంది. ఏది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం మంచి అలవాటు.

ఈ చూపును రాతలో పెట్టమని నా సలహా. ఒక నోటుపుస్తకంలో తేదీ, వేళ, గూటి మీద ఎవరున్నారు, ఏమి మేత వచ్చింది, వాతావరణం ఎలా ఉంది అని నాలుగు ముక్కలు రాసుకుంటే చాలు. రాసేవారికి దుఃఖం తగ్గుతుందని కాదు, దుఃఖానికి ఒక ఆధారం దొరుకుతుంది: ఆ పిల్ల చివరిసారి ఎప్పుడు తిన్నది, చలి ఎప్పుడు మొదలైంది, తల్లి ఎప్పుడైనా లేచిందా అన్నది కళ్ల ముందు ఉంటుంది. 2023లోనూ 2024లోనూ జాకీ గుడ్లలో ఒక్కటీ పిల్ల కాలేదు; 35 రోజులు గడిచాక కూడా వారాల తరబడి ఆ జంట కూర్చునే ఉంది. రాసుకున్నవారికి 2025లో మొదటి రంధ్రం కనబడిన రోజు విలువ ఏమిటో వేరే చెప్పనక్కర లేదు.

ఆ గద్దజాతి గుడ్లకు ఒకప్పుడు వచ్చిన ముప్పు సంగతి మన జిల్లాకు దూరమైనది కాదు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత అమెరికాలో డీడీటీ అనే పురుగుమందును విపరీతంగా వాడారు. అది చేపల ద్వారా గద్ద ఒంట్లో చేరి, గుడ్డు పెంకుకు సున్నం సరిగా అందకుండా చేసింది. తల్లి పొదగడానికి కూర్చుంటే దాని బరువుకే పెంకు చిట్లిపోయేది. 1963లో అలాస్కా కాక ప్రధాన భూభాగంలో లెక్కకు వచ్చిన జంటలు 417 మాత్రమే. 1972లో డీడీటీని నిషేధించారు. కోలుకోవడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టి, 2007లో ఆ పక్షిని ముప్పు జాబితా నుంచి తీసివేశారు. పత్తి చేలల్లో మందు వాసన పీలుస్తూ పెరిగిన వరంగల్ వాళ్లకు ఈ కథ ఇట్టే అర్థమవుతుంది. రాబందుల విషయంలో మన దగ్గరా ఇటువంటిదే జరిగింది: పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చిన డైక్లోఫెనాక్, ఆ కళేబరాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసింది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. ఆసిఫాబాద్ వైపు బెజ్జూరు అడవుల్లో, ప్రాణహిత దగ్గరి పాలరాపు గుట్ట అంచుల మీద రాబందుల గూళ్లు ఉన్నాయని 2013లో వెలుగులోకి వచ్చినప్పుడు మాకందరికీ కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది.

మీ వేప చెట్టు దగ్గరికి వస్తాను. మీరు చెప్పిన గుర్తులను బట్టి అది పుస్తకాల్లో జాలె డేగ అని రాసే పక్షి. మగదాని కన్ను ఎర్రగా, ఆడదాని కన్ను పసుపుగా ఉంటుంది. కాకి గూడులా పుల్లలతో కట్టి, మార్చి నుంచి జూన్ దాకా మన ఎండల్లోనే పిల్లలను పెంచుతుంది. ఇప్పటికే గుడ్లున్న గూటి దగ్గర కెమెరా పెట్టవద్దు. కర్రకు ఫోను కట్టి పైకి ఎత్తడం, డ్రోను ఎగరేయడం కూడా వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పక్షి గుడ్లను, గూటిని కలవరపెట్టడాన్ని కూడా వేట కిందనే లెక్కగడుతుంది. చట్టాన్ని పక్కన పెట్టినా కాకులున్నాయి, కోతులున్నాయి. మన వైపు కోతుల బెడద తెలియనిది కాదు. తల్లి గూడు వదిలిన అయిదు నిమిషాలు చాలు. మనిషి పదేపదే ఎక్కి దిగిన చోటును కాకి బాగా గుర్తుపెట్టుకుంటుంది.

మీ మేడ మీది గది కిటికీ వేప వైపు ఉందన్నారు. అంతకంటే ఏమి కావాలి? కిటికీకి పలుచని పరదా వేసి, గది లోపల దీపం ఆర్పి, పరదా సందులోంచి బైనాక్యులర్‌తో అమ్మగారిని చూడమనండి. ఫోనును స్టాండు మీద పెట్టి అదే సందులోంచి ముందుగదిలోని టీవీకి బొమ్మ పంపుకోవచ్చు. అది కూడా ప్రత్యక్ష ప్రసారమే. కాకపోతే పక్షి మీకు కొలబద్ద కావాలి. డేగ తల ఎత్తి కిటికీ వైపే చూస్తూ ఉన్నా, గూటిలో ఒంటిని అణచుకుని పడుకున్నా, మీరు దగ్గరైపోయినట్టు. పరదా మూసి గంటసేపు వదిలేయండి. అరుపును మాత్రం గుడ్డిగా నమ్మకండి, పసులపోలిగాడు డేగ కూతను అచ్చంగా అనుకరిస్తుంది. పొదిగే రోజుల్లో మగ డేగ తొండనో ఎలుకనో పిచ్చుకనో పట్టుకుని దగ్గరి కొమ్మ మీద వాలి పిలుస్తుంది, ఆడది వెళ్లి అందుకుంటుంది. ఆ ఇచ్చిపుచ్చుకోవడం చూడటానికి గూట్లోకి తొంగిచూడనవసరం లేదు. కెమెరాయే కావాలనుకుంటే వానాకాలం తరువాత, గూడు ఖాళీ అయ్యాక, అటవీ శాఖవారిని అడిగి ఆలోచించండి. అయితే వచ్చే ఏడు డేగ అదే కొమ్మకు వస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

చివరిగా, మే, జూన్ నెలల్లో ఏదో ఒక ఉదయం ఎగరడం సరిగా రాని డేగ పిల్ల మీ వేప కింది కొమ్మ మీదో, గోడ మీదో, ఒక్కోసారి నేల మీదో కనబడుతుంది. దాన్ని ఇంట్లోకి తీసుకురావద్దు. తల్లిదండ్రులు చుట్టుపక్కలే ఉండి మేత అందిస్తాయి. కుక్కను కట్టేసి, పిల్లలను లోపలికి పిలిచి, నేల మీద ఉంటే చేతికి గుడ్డ చుట్టుకుని దగ్గరి కొమ్మ మీద ఉంచి వెనక్కి రండి. రక్తం కారుతున్నా, రెక్క వేలాడుతున్నా మాత్రం గాలి ఆడే అట్టపెట్టెలో చీకటిగా ఉంచి, మేతా నీళ్లూ బలవంతంగా పోయకుండా, అటవీ శాఖవారికి ఫోన్ చేయండి.